గ్యారేజీ తలుపు మోతకు నూనె ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

మీ ఇంటి గ్యారేజీ ఉక్కు తలుపు 12 ఏళ్ళ నాటిదనీ, తెరిచిన ప్రతిసారీ కిర్రుమంటోందనీ, తుప్పు వదిలించే స్ప్రే కొడితే రెండు వారాలు ఊరుకుని మళ్ళీ మొదలుపెడుతోందనీ రాశారు. ఏ నూనె వేయాలి, ఎన్నాళ్ళకొకసారి వేయాలి అని అడిగారు. అమెరికాలో డల్లాస్ దగ్గర మా ఇంట్లో ఇదే తంటా పడ్డాను కాబట్టి, చేసిన తప్పుతో సహా చెబుతాను.

ముందుగా ఆ స్ప్రే సంగతి. అందులో ఎక్కువ భాగం ద్రావకమే. బిగుసుకుపోయిన మరను వదులు చేయడానికీ, పాత జిడ్డును కరిగించడానికీ అది బాగా పనికివస్తుంది గాని, ఆరిపోయాక ఇనుముకూ ఇనుముకూ మధ్య మిగిలేది చాలా పలుచని పొర. పైగా అంతకుముందు అక్కడ ఉన్న గ్రీజును కూడా అది కడిగేస్తుంది. మీ తలుపుకు కావలసింది తెల్ల లిథియం గ్రీజు స్ప్రే, లేదా గ్యారేజీ తలుపుల కోసమే అమ్మే సిలికాన్ స్ప్రే. హోమ్ డిపో వంటి ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి.

ఇక మా ఇంట్లో జరిగిన తప్పు. మా నాన్నగారు తెనాలిలో చాలా ఏళ్ళు కొట్టు నడిపారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా తలుపు మోత విని, "షట్టరుకు గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయిందిరా?" అని అడిగి, నేను ఆఫీసు నుంచి తిరిగి వచ్చేలోగా రెండు వైపుల పట్టాలకూ పైనుంచి కింది దాకా చిక్కటి గ్రీజు పూసేశారు. కొట్టు షట్టరుకు అది చెల్లుతుంది, ఎందుకంటే చుట్ట చుట్టుకునే ఆ రేకుల అంచులు గాడిలో రాసుకుంటూ జారతాయి. ఇక్కడి తలుపు అలాంటిది కాదు. నాలుగైదు పలకలుగా మడుచుకుంటూ చక్రాల మీద దొర్లుతుంది. పట్టా జిడ్డుగా ఉంటే చక్రం దొర్లడం మాని జారుతుంది, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి ముద్దలా గట్టిపడుతుంది. టెక్సాస్ వేసవి ధూళి తోడై, రెండు నెలలకే మా తలుపు కుదుపులతో దిగడం మొదలుపెట్టింది. ఒక శనివారమంతా నేనూ నాన్నగారూ పాత లుంగీ గుడ్డలతో పట్టాలు తుడిచాం. ఆ పనికి మాత్రం తుప్పు స్ప్రే నిజంగా అక్కరకు వచ్చింది. కాబట్టి పట్టాలను శుభ్రంగా తుడవండి, వాటికి ఏ నూనే పెట్టకండి.

స్ప్రే కొట్టేటప్పుడు తలుపు మూసి, ఓపెనర్ (తలుపును ఎత్తి దించే మోటారు పెట్టె) ప్లగ్గు తీసేసి, కారును బయట పెట్టుకోండి. పలకలను కలిపే ఇనుప బందుల్లో కీలు తిరిగే చోట, చక్రం ఇరుసు దగ్గర కనిపించే బేరింగుల మీద, స్ప్రింగు కడ్డీకి రెండు కొసల్లో ఉండే బేరింగుల మీద కొద్దికొద్దిగా కొడితే చాలు. చక్రం నైలానుదైతే ఆ నైలాను మీద పడనీయకండి. బేరింగు మూతపెట్టినదైతే దానికి అసలు అక్కరలేదు. తలుపు పైన గోడకు అడ్డంగా ఉండే స్ప్రింగులను మాత్రం పొడవునా తడపాలి, ఎందుకంటే చుట్లు ఒకదానితో ఒకటి ఒరుసుకునే చోటే చాలాసార్లు ఆ మూలుగు పుడుతుంది. ఓపెనర్ గొలుసుదైతే దానికీ పలుచగా పెట్టవచ్చు, బెల్టుదైతే పెట్టకూడదు. తరువాత తలుపును మూడు నాలుగు సార్లు ఎత్తి దించి, కారిన నూనెను తుడిచేయండి.

ఇంత చేసినా మోత పోకపోతే లోపం నూనెలో ఉండదు. తలుపు మూసి ఉన్నప్పుడు ఓపెనర్ నుంచి వేలాడే ఎర్ర తాడు లాగి తలుపును మోటారు నుంచి విడదీసి, చేత్తో నడుము ఎత్తు దాకా లేపి మెల్లగా వదలండి. అక్కడే నిలిస్తే స్ప్రింగు సరిగా ఉన్నట్టు. కిందికి జారిపోయినా, పైకి లేచిపోయినా తూకం తప్పినట్టు. తలుపు బరువును మోసేది స్ప్రింగే, మోటారు దాన్ని అటూ ఇటూ నడిపిస్తుంది, అంతే. మామూలు స్ప్రింగును సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేస్తారు. రోజుకు నాలుగుసార్లయితే అది ఏడేళ్ళ లోపు మాట. మన ఇళ్ళలో వీధి తలుపు కన్నా గ్యారేజీ తలుపే ఎక్కువగా వాడతాం (చెప్పులు, బియ్యం బస్తాలు, రెండో పొయ్యి, అన్నీ అక్కడే కదా), కనుక ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. మీ స్ప్రింగు తలుపుతో పాటు వచ్చినదే అయితే, ఇప్పటికే దాని పని అయిపోవచ్చింది.

మా స్ప్రింగు ఒక డిసెంబరు తెల్లవారుజామున తుపాకి పేలినట్టు తెగింది. చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనిపించింది, తలుపు మాత్రం కదలలేదు. దాన్ని మార్చడం, బిగించడం, తలుపు అడుగున దాన్ని ఎత్తే కేబుల్‌ను (ఇనుప తాడును) పట్టుకున్న బిళ్ళ మరలు విప్పడం మీరు చేయకండి. అక్కడున్న బిగువు చేతిని విరిచేయగలదు. మేము పనివాడిని పిలిపించి, ఒకటి తెగినా రెండు స్ప్రింగులనూ ఒకేసారి మార్పించాం.

నూనె ఏడాదికి రెండుసార్లు చాలు. మార్చిలోనూ నవంబరులోనూ ఇక్కడ గడియారాన్ని ఒక గంట ముందుకూ వెనక్కూ జరిపే ఆదివారాలను నేను ఈ పనికి పెట్టుకున్నాను. అదే రోజు మరో రెండు పరీక్షలు చేయండి. తలుపు దిగుతున్నప్పుడు నేలకు 6 అంగుళాల లోపు ఎత్తున తలుపుకు రెండు వైపులా ఉండి అడ్డును పసిగట్టే సెన్సర్ల మధ్య చీపురు అడ్డం పెడితే అది వెంటనే వెనక్కి లేవాలి. తలుపు కింద నడిమధ్యన ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను పడుకోబెట్టినప్పుడు, దాన్ని తాకగానే మళ్ళీ పైకి వెళ్ళాలి. అమెరికాలో 1993 నుంచి తయారైన ఇంటి ఓపెనర్లన్నిటికీ ఇలా వెనక్కి మళ్ళే ఏర్పాటు తప్పనిసరి. ఈ రెండిటిలో ఏది తప్పినా, కిర్రుమనే సంగతి పక్కన పెట్టి, ఆ రోజే ఓపెనర్ ప్లగ్గు తీసేసి తలుపును చేత్తో వాడుతూ, పనివాడికి కబురు పెట్టండి.