పదహారు అడుగుల చదును బోటుకు జెట్ ఇంజన్ 40 చాలా, 60 కావాలా?

మీరు అడిగింది ఇది: బీచుపల్లి దగ్గర చేపల పనికి పదహారు అడుగుల అల్యూమినియం బోటు ఉంది, అడుగు చదును, ఎండాకాలం బండలకు తగిలి ఇంజన్ కింద తిరిగే ఫ్యాను రెండుసార్లు విరిగింది, అందుకే ఫ్యానుకు బదులు పంపుతో నీటిని వెనక్కి చిమ్మే జెట్ పెడదామనుకుంటున్నారు, 40 హెచ్‌పీ చాలా లేక 60 కావాలా అని. సూటిగా చెప్తాను అన్నా, మీరు రాసినట్టు నలుగురు మనుషులు, వలలు, చేపల పెట్టెలు రోజూ ఉండేటట్టయితే 40 సరిపోదు, 60 తీసుకోండి. కాకపోతే ఆ 60 ఎక్కడ కొలిచిన 60 అనేది డబ్బు కట్టకముందే తేల్చుకోండి. నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

మాది కొల్లాపూర్ వైపు. సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో మా బాబాయి, నేను కలిసి బోటు నడుపుతాం. డ్యాం 885 అడుగులకు నిండిన రోజుల్లో అక్కడ ఏ ఇంజనైనా నడుస్తుంది. నీళ్లు వెనక్కి పోయి అవతల సంగమేశ్వరం గుడి బయటపడ్డాక అసలు కష్టం మొదలవుతుంది, ఒకచోట నిలువెత్తు నీళ్లు, పది గజాలు పోతే మోకాలి లోతు, కింద బండ. ఫ్యాను రెక్క వంగని వారం ఉండేది కాదు. ఆ బాధ పడలేక సెకండ్ హ్యాండ్‌లో ఒక జెట్ తెచ్చాం. అమ్మినాయన 40 హెచ్‌పీ అన్నాడు. ఇంజన్ తల, అంటే పైనున్న అసలు ఇంజన్, 40 మాట నిజమే, కానీ కింద పంపు దాటి నీళ్లలోకి వచ్చే బలం 28 అని ఆయన చెప్పలేదు, మాకు అడగాలని తెలియదు.

జెట్‌లో ఫ్యాను ఉండదు, దాని స్థానంలో పంపు ఉంటుంది. అడుగు నుంచి జల్లెడ గుండా నీటిని పీల్చి, లోపల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రంతో తిప్పి, వెనక్కి చిమ్ముతుంది. అడుగున తగిలి విరిగే రెక్కలు లేవు కాబట్టే బండల మీద బతుకుతుంది, దానికి బదులుగా ఇంజన్ బలంలో దాదాపు 30 శాతం ఆ పంపే తినేస్తుంది. కంపెనీలు దీన్ని దాచవు కూడా. మెర్క్యురీ వాళ్లు 60 తలకు పంపు పెట్టి జెట్ 40 అని, 90 తలకు పెట్టి జెట్ 65 అని, 115కి పెట్టి జెట్ 80 అని అమ్ముతారు. అంటే ఒకే ఇంజన్‌ని ఒకాయన 60 అంటాడు, ఇంకొకాయన 40 అంటాడు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అందుకే మీరు అడగాల్సిన మాట 'తల ఎంత, పంపు దగ్గర ఎంత' అని. నేను కింద రాసే 60 అంటే తల 60, పంపు దగ్గర సుమారు 42.

ఇక లెక్క. బోటు పొడవు చూసి ఇంజన్ ఎంచుకోకండి, బరువు చూసి ఎంచుకోండి. మీ ఖాళీ బోటు 180 కిలోలు అనుకుందాం, ఇంజన్ పంపుతో కలిపి 115, నిండు ట్యాంకు పెట్రోలు 25 లీటర్లంటే 19 కిలోలు, బ్యాటరీ 20, నలుగురు మనుషులు 280, వలలూ ఐసూ చేపలూ కనీసం 100. మొత్తం 714 కిలోలు. పంపు దగ్గర 42 ఉంటే ఒక్కో హెచ్‌పీ మీద 17 కిలోల బరువు పడుతుంది. అదే 40 తల అయితే, ఇంజన్ కాస్త తేలికైనా, ఒక్కో హెచ్‌పీ మీద 25 కిలోలు. మా దగ్గర చూసింది ఏంటంటే, 18 లోపు ఉంటే బోటు హాయిగా లేచి నీటి మీద జారుతుంది, 22 దాటితే లేవడానికి సతాయిస్తుంది, 25 దగ్గర ముక్కు ఆకాశం చూసి తోక నీళ్లలో కూర్చుంటుంది, ఎంత పెంచినా అంతే.

బోటు లేవడం ఎందుకంత ముఖ్యమంటే, జెట్ బోటు తక్కువ నీళ్లలో పోయేది లేచి జారుతున్నప్పుడే. అప్పుడు రెండు బెత్తెల నీళ్లలో కూడా దాటేస్తుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రం మామూలు బోటులాగే బరువుకు తగ్గట్టు మునుగుతుంది, పైగా పంపు వెనక భాగం బోటు అడుగు కంటే నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటుంది. లేవలేని జెట్ బోటు అంటే పెట్రోలు ఎక్కువ తాగే మామూలు బోటే.

ఇక్కడ నన్ను బాగా మోసం చేసిన విషయం ఒకటి చెప్పాలి. ఫ్యాను ఇంజన్‌కి బరువు ఎక్కువైతే మూలుగుతుంది, ఆర్‌పీఎం పడిపోతుంది, చెవికి తెలిసిపోతుంది. జెట్‌కి అలా కాదు. బోటు కదిలినా కదలకపోయినా పంపు మీద భారం దాదాపు ఒకేలా ఉంటుంది, కాబట్టి ఇంజన్ పూర్తి ఆర్‌పీఎంతో ఆరోగ్యంగా మోగుతూనే ఉంటుంది. మేము నెల రోజులు ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, బోటులోనే ఏదో తేడా ఉంది అనుకుని అడుగు గీకి, రంగు వేసి, నానా తంటాలు పడ్డాం. ఒకరోజు బాబాయి ఇద్దరు మనుషుల్నీ రెండు ఐస్ పెట్టెల్నీ ఒడ్డున దింపేసి ఒక్కడే పోయాడు, బోటు చేపలా లేచింది. అప్పుడు అర్థమైంది.

అయితే 90 పెట్టేస్తే పోలా అని కూడా అనుకోవద్దు. ఆ ఇంజన్ ఒక్కటే పంపుతో 165 కిలోల పైమాట, అదంతా బోటు వెనక ఇంజన్ బిగించే తోక చెక్క మీద వేలాడుతుంది. పదహారు అడుగుల బోటుకి తోక మునిగి, లేవడానికి ఇంకా ఎక్కువ లోతు కావాల్సి వస్తుంది. మీ బోటు చేసినవాళ్లని తోక ఎంత హెచ్‌పీకి, ఎంత బరువుకి ఆగుతుందో తప్పకుండా అడగండి, వాళ్లు చెప్పిన అంకె దాటొద్దు.

బిగించే ఎత్తు కూడా బలం కిందే లెక్క. పంపు నోటి ముందు అంచు బోటు అడుగుతో సమంగా ఉండాలి. కిందికి దిగితే నీటిని చీల్చుకుంటూ ఈడుస్తుంది, మరీ పైకి పోతే గాలి పీలుస్తుంది. గాలి పీల్చినప్పుడు ఇంజన్ ఒక్కసారిగా కేక పెడుతుంది, బోటు మాత్రం ముందుకు పోదు. చదును బోట్లలో అడుగున మధ్యలో పట్టీలు అతికిస్తారు చూడండి, పంపుకి సూటిగా ముందున్న పట్టీ నీటిలో గాలి బుడగలు లేపి సరిగ్గా నోట్లోకి పంపిస్తుంది. మాది ఆఖరి మూడడుగులు కోసేయించాం, అప్పటికి కుదుటపడింది.

ఇంకొక ముఖ్యమైన ప్రశ్న, అసలు మీ నీళ్లు జెట్‌కి పనికొస్తాయా? బండ, గుండ్లు అయితే జెట్ మంచిది. ఇసుక మేటలైతే ఓర్చుకోవాలి, ఎందుకంటే ఇసుక ఇంపెల్లర్ అంచునీ, చుట్టూ ఉన్న గొట్టాన్నీ ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ రెండింటి మధ్య సందు మిల్లీమీటరు లోపే, సుమారు 0.8 ఉండాలి, అది పెరిగేకొద్దీ మీరు కొన్న హెచ్‌పీ కారిపోతూ ఉంటుంది. వాషర్లు మార్చి సందు తగ్గించుకోవచ్చు, అంచుని ఆకురాయితో సాపు చేసుకోవచ్చు. కానీ నాచూ గుర్రపు డెక్కా ఉన్న చోట జెట్ వద్దే వద్దు. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట ఒక బంధువు కోసం నడిపి చూశాను, అరగంటలో ఆరుసార్లు జల్లెడ మూసుకుపోయింది. బీచుపల్లిలో మీకు ఆ బాధ తక్కువే అనుకుంటాను, తెగిన వలల సంగతి మాత్రం చూసుకోండి. మాకు ఒకసారి నైలాను వల ముక్క ఇంపెల్లర్ వెనక ఇరుసుకి చుట్టుకుంది, తాడులా ముడిపడి, వేడికి కొంత కరిగి అతుక్కుపోయింది. కొడవలి మొనతో పోగు పోగు తీయడానికి గంటన్నర పట్టింది. చెయ్యి పెట్టేముందు ఇంజన్ ఆపి తాళం చెవి జేబులో వేసుకోండి. న్యూట్రల్‌లో పెట్టినా జెట్‌లో ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, ఈ మాట మీ బోటు ఎక్కే ప్రతి కుర్రాడికీ చెప్పండి.

నడపడంలో అలవాటు మార్చుకోవాల్సింది ఒకటే. ఫ్యాను బోటుకి బండ కనిపిస్తే చెయ్యి తనంతట తానే యాక్సిలరేటర్ తగ్గిస్తుంది. జెట్‌లో తగ్గిస్తే బోటు కూర్చుంటుంది, పైగా తిప్పేది నీటి చిమ్ముడే కాబట్టి పట్టు కూడా పోతుంది, సూటిగా ఆ బండ మీదికే పోతారు. కాబట్టి తక్కువ నీళ్లలోకి వెళ్లేముందే దారి చూసుకుని, వెళ్లాక తగ్గించకుండా దాటెయ్యాలి. బయల్దేరేటప్పుడు గడకర్రతో తోసుకుని కనీసం రెండడుగుల లోతుకి వచ్చాకే పెంచండి, మోకాలి లోతులో పెంచితే కింద గులకరాళ్లన్నీ పంపులోకి వస్తాయి. ఎగువన జూరాల గేట్లు ఎత్తిన రోజు బీచుపల్లిలో బోటు దింపొద్దు, ఇది ఏ ఇంజన్‌కైనా వర్తిస్తుంది. నలుగురికీ లైఫ్ జాకెట్లు ఆ బరువు లెక్కలోనే వేసుకోండి.

పంపు బేరింగుకి పది గంటలకోసారి గ్రీజు కొట్టాలి, పాత గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా. దీన్ని బాబాయి ఒక వారం మర్చిపోయాడు, ఆ బేరింగు ఖర్చులో ఏడాది గ్రీజు వచ్చేది.

నేను రాసిన 180, 100 కిలోలు అంచనాలే. కొనేముందు ఒకపని చెయ్యండి. పాత ఇంజన్ దింపేసి, బోటుని ట్రాలీ మీద పెట్టి, మీరు రోజూ వేసే వలలు, పెట్టెలు, నిండు ట్యాంకు, అన్నీ వేసి పెబ్బేరులో ధర్మకాంటా ఎక్కించండి, ఖాళీ ట్రాలీ బరువు తీసెయ్యండి, దానికి నలుగురు మనుషులు, కొత్త ఇంజన్ బరువు కలపండి. వచ్చిన దాన్ని 18తో భాగిస్తే పంపు దగ్గర కావాల్సిన హెచ్‌పీ తేలుతుంది. ఆ చీటీ అంకె ఇక్కడ రాస్తే తల ఎంతది కావాలో కలిసి చూద్దాం. ఇద్దరే వెళ్తాం, ఐసు వేసుకోం అంటే మాత్రం ముందే చెప్పండి, 40తోనే పని అయిపోవచ్చు.