పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ‘ఆనర్’ ఎక్కడ ఏమవుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క ఇంగ్లిషు మాట చుట్టూనే తిరిగాయి. అందుకని ఈ పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం లెటర్‌హెడ్ మీద ‘గౌరవాధ్యక్షులు’ అన్నదానికి ఇంగ్లిషులో ‘ఆనరబుల్ ప్రెసిడెంట్’ అని వేయించారు. అది తప్పని నేనంటే, ఏదైనా గౌరవమే కదా అంటున్నారు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, గుంటూరు

మీదే ఒప్పు. ‘ఆనరరీ ప్రెసిడెంట్’ అని ఉండాలి. తెలుగులో ‘గౌరవ’ అన్న ఒక్క ముక్కతోనే మనం రెండు పనులు చేయించుకుంటున్నాం. చిక్కంతా అక్కడే. గౌరవాధ్యక్షుడు, గౌరవ డాక్టరేటు, గౌరవ కార్యదర్శి అన్నప్పుడు మామూలుగా ఆ హోదాతో పాటు ఉండే జీతమో, పరీక్షో, రోజువారీ బాధ్యతో ఇక్కడ లేదని అర్థం. అది ఆనరరీ. (కార్యదర్శి మటుకు చాకిరీ అంతా చేస్తాడు, జీతమొక్కటే ఉండదు.) గౌరవ ముఖ్యమంత్రి, గౌరవ శాసనసభ్యులు అన్నప్పుడు హోదా నూటికి నూరుపాళ్లూ అసలుదే. మర్యాద కోసం ముందొక మాట చేర్చాం, అంతే. అది ఆనరబుల్. ఆహ్వానపత్రిక మీద పొరపాటున ‘ఆనరరీ చీఫ్ మినిస్టర్’ అని అచ్చయిందంటే, అధికారం లేని ఉత్సవ విగ్రహమని రాసినట్టే.

అనుమానం వస్తే ‘గౌరవ’ తీసేసి ‘గౌరవనీయులైన’ అని పెట్టి చదవండి. అర్థం చెడకపోతే ఆనరబుల్, చెడితే ఆనరరీ. సభలో ఉపన్యాసానికో, ప్రశ్నపత్రం తయారీకో ఇచ్చే గౌరవ వేతనం ‘ఆనరేరియం’. గౌరవనీయమైన వేతనం వేరే సంగతి, అది చాలామందికి అందడమే లేదు.

ఇంకో రెండు ముక్కలు. ఆనరబుల్‌ని కుదించి రాసేటప్పుడు హెచ్, ఓ, ఎన్ తర్వాత పైన కామా పెట్టి, ఆపైన బి, ఎల్, ఇ రాయాలి. ఆ కామా ఎన్‌కూ బికీ మధ్య కాకుండా ఇంకెక్కడ పడినా తప్పే. రెండోది, ఆ మాట ఇతరులు మనకు తగిలించాల్సిందే గాని, ఎవరి విజిటింగ్ కార్డు మీద వాళ్లు వేసుకునేది కాదు. రాష్ట్రపతికి, గవర్నర్లకు దేశంలోపలి కార్యక్రమాల్లో ‘హిజ్ ఎక్సలెన్సీ’ బదులు ‘ఆనరబుల్’ చాలని 2012లో రాష్ట్రపతి భవనే చెప్పింది. ఆహ్వానపత్రాలు వేయించేవాళ్లు ఇంకా పాత నమూనానే పట్టుకుని ఉంటే మార్చుకోవచ్చు.

ప్రశ్న: నాకు బాకీ ఉన్న వ్యాపారి ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. బ్యాంకు కాగితం మీద ‘డిసానర్డ్’ అని ఉంది. చెక్కుకు అవమానం ఏమిటి? ఇప్పుడు నేనేం చేయాలి?
– ఒక చిన్న దుకాణదారు, వరంగల్

ఒకరి మాటనో రాతనో కట్టుబాటుగా తీసుకుని నెరవేర్చడమే ఇక్కడ ‘ఆనర్’. చెక్కంటే ఫలానా వారికి ఇంత సొమ్ము ఇమ్మని ఖాతాదారు తన బ్యాంకుకు రాసిన ఆదేశం. బ్యాంకు సొమ్మిస్తే ఆనర్ చేసినట్టు, ఇవ్వకపోతే డిసానర్. ఒప్పందాన్ని, టికెట్టును, డిస్కౌంట్ కూపన్‌ను, ఇచ్చిన మాటను ‘ఆనర్’ చేయడమన్నా ఇదే అర్థం. ‘ద షాప్ డిడ్ నాట్ ఆనర్ ద కూపన్’ అంటే దుకాణంవాళ్లు కూపన్ చెల్లదన్నారని. అవమానం ఊసు లేదు.

ఇక చేయాల్సిన పని. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమోలో కారణం చూడండి. నిధులు చాలకపోతే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ వర్తిస్తుంది. చెక్కును దాని మీది తేదీ నుంచి 3 నెలల లోపే బ్యాంకులో వేసి ఉండాలి. తిరిగొచ్చిందని బ్యాంకు మీకు తెలియజేసిన రోజు నుంచి 30 రోజుల్లో, చెక్కు ఇచ్చినవారికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక సొమ్ము కట్టడానికి వారికి 15 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే, ఆ గడువు ముగిశాక నెల లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేరం రుజువైతే 2 ఏళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ.

కేసులు ఎక్కువగా దెబ్బతినేది నోటీసు దగ్గరే. చెక్కు మొత్తం ఇమ్మని విడిగా, స్పష్టంగా అడగకుండా పాత బాకీ, వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే, నోటీసే చెల్లదని అవతలి లాయరు పట్టుకుంటాడు. ‘రేపిస్తా, మాపిస్తా’ అన్న ఫోన్లు నమ్మి 30 రోజులూ గడిపేయడం ఇంకో పొరపాటు. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈ సెక్షన్ చట్టప్రకారం రాబట్టుకోదగ్గ బాకీకే పనికొస్తుంది. కానుకగానో చందాగానో రాసిచ్చిన చెక్కుకు పనికిరాదు. మీది సరుకు బాకీ కాబట్టి బిల్లులు, ఖాతా పుస్తకం జాగ్రత్త చేసుకుని లాయరును కలవండి.

ప్రశ్న: కోర్టులో నేనే మాట్లాడాల్సి వస్తే జడ్జిని ‘యువర్ ఆనర్’ అనాలా, ‘మై లార్డ్’ అనాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’ అని, కింది కోర్టుల్లో ‘సర్’ అని లేదా స్థానిక భాషలో దానికి సరిపడే మాటతో పిలవాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో నిబంధన పెట్టింది. హైకోర్టుకు వెళ్లి చూస్తే మాత్రం ‘మై లార్డ్’ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. అది తప్పనిసరి కాదని, మర్యాదగా సంబోధిస్తే చాలని 2014లో సుప్రీంకోర్టు అంది. అదే కోర్టులో 2021లో ఒక విద్యార్థి ‘యువర్ ఆనర్’ అంటే, ఇది అమెరికా సుప్రీంకోర్టు కాదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి అభ్యంతరం చెప్పారు. జిల్లా కోర్టులో మీరు ‘సర్’, ‘మేడమ్’ అన్నా, ‘అయ్యా’, ‘అమ్మా’ అన్నా ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: ‘ఐ యామ్ వెరీ ఆనర్ టు మీట్ యు’ సరైనదేనా? సన్మానాల గురించి రాసేటప్పుడు ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?
– తెలుగు సంఘం కార్యకర్త, డాలస్

సరైనది కాదు. ‘ఐ యామ్ ఆనర్డ్ టు మీట్ యు’ అనండి, లేదా ‘ఇట్ ఈజ్ యాన్ ఆనర్ టు మీట్ యు’. హెచ్ పలకదు కాబట్టి ముందు ‘ఎ’ కాదు, ‘యాన్’ వస్తుంది.

‘ఆయనకు సన్మానం చేశాం’ అనే అలవాటులో ‘వియ్ ఆనర్డ్ టు హిమ్’ అని రాసేస్తుంటారు. ఇంగ్లిషులో ఆ ‘కు’ అక్కర్లేదు, ‘ఆనర్డ్ హిమ్’ చాలు. ఇచ్చిన వస్తువుకో బిరుదుకో ముందు ‘విత్’, ఎందుకు ఇచ్చామో చెప్పడానికి ‘ఫర్’ వస్తాయి. ‘ఇన్ ఆనర్ ఆఫ్’ బతికున్నవారికీ పోయినవారికీ చెల్లుతుంది. ‘ఇన్ మెమరీ ఆఫ్’ పోయినవారికే. రిటైర్మెంట్ విందు కార్డు మీద రెండోది పడిందంటే ఆ పెద్దమనిషి ముఖం చూడలేం.

మీకు అమెరికాలో ఎదురయ్యేది ఇంకొకటుంది. మన సభల్లో ‘చీఫ్ గెస్ట్’ ముఖ్య అతిథి, ‘గెస్ట్ ఆఫ్ ఆనర్’ ఆయన తర్వాతి విశిష్ట అతిథి. అక్కడివారికి గెస్ట్ ఆఫ్ ఆనర్ అంటే ఎవరి కోసం ఆ వేడుక జరుగుతోందో వారే. పుట్టినరోజు విందులో అది పుట్టినరోజు జరుపుకొనే మనిషి. కార్డు మీద ఆ మాట కింద మేయరు పేరు వేస్తే, విందు మేయరు కోసమే అనుకుంటారు.

ప్రశ్న: స్పెల్లింగులో ‘యు’ ఉండాలా, అక్కర్లేదా?
– ఒక తల్లి, విజయవాడ

బ్రిటిష్ పద్ధతిలో ఉంటుంది, అమెరికన్ పద్ధతిలో ఉండదు. మన బడుల్లో బ్రిటిష్ పద్ధతే కాబట్టి రాయించండి. అయితే ఆనరరీ, ఆనరేరియం, ఆనరిఫిక్ మాటల్లో బ్రిటిష్‌వాళ్లూ ‘యు’ రాయరు. ఆనరబుల్‌లో రాస్తారు. ‘హానర్’ అని పలకడం మాన్పించండి.

ప్రశ్న: నాలుగేళ్ల డిగ్రీ చేస్తున్నాను. రెజ్యూమెలో ‘పాస్డ్ విత్ ఆనర్స్’ అని వేసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

వద్దు. ఆ మాటకు మంచి మార్కులతో, ప్రత్యేక గుర్తింపుతో పాసయ్యారన్న అర్థం వస్తుంది. మీది డిగ్రీ పేరులోనే ఉన్న ఆనర్స్. యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. సర్టిఫికెట్ మీద డిగ్రీ పేరు ఎలా ఉంటే అలాగే, బ్రాకెట్లతో సహా దించండి.

ప్రశ్న: ఆఫీసు విందులో మా మేనేజరు కేకు నా ముందు పెట్టి ‘వుడ్ యు డూ ద ఆనర్స్?’ అన్నారు. ఏం చేయాలో తెలియక థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

కేకు మిమ్మల్ని కోయమన్నారు. కోయడం, వడ్డించడం, అతిథులను పరిచయం చేయడం వంటి పనుల్లో ఏది ఎదురుగా ఉంటే అది అన్నమాట. ఈసారి ‘షూర్’ అని చాకు అందుకోండి.