పడవ నీడలో నిద్ర

అమ్మాయీ,

నువ్వు పంపిన భీమిలి కథ రెండుసార్లు చదివాను. వేసవి సెలవుల్లో నలుగురూ వెళ్ళి నాలుగు రోజులున్నారు. ఏమీ జరగలేదు. కథ పలచబడుతుందని భయపడ్డావు కాబోలు, చివర్లో తమ్ముణ్ణి అలల్లో కొట్టుకుపోనిచ్చి మళ్ళీ బతికించావు. ఆ పేజీలు తీసెయ్యి. ఏమీ జరగకపోవడమే నీ కథ.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: "నాన్న చెప్పులు తలకింద పెట్టుకుని పడవ నీడలో నిద్రపోయాడు." అంతే, వెంటనే సూర్యోదయం వర్ణనలోకి వెళ్ళిపోయావు. ఆగాల్సింది అక్కడే కదా! ఆయన పగటిపూట కునుకు తీయగా ఎప్పుడూ చూడలేదని ముందు పేజీలో నువ్వే రాశావు. అలాంటి మనిషి ఇసకలో, నోరు కాస్త తెరుచుకుని పడుకుంటే మీ అమ్మ ఏం చేసింది? లేపిందా, కొంగుతో ఈగలు తోలుతూ పక్కనే కూర్చుందా? నీడ జరిగేకొద్దీ ఆయనా నిద్రలోనే జరిగాడా? నాకవి కావాలి.

ఇక ఆ సూర్యోదయం. తెల్లారేసరికి మరపడవలు బారులు తీరి వేటకి వెళ్ళాయన్నావు. మీరు వెళ్ళింది మే నెలలో. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను లేని తెప్పలకే మినహాయింపు. అంటే నువ్వు చూడనిది రాశావు తల్లీ. నేనూ తొలి రోజుల్లో ఒక కథలో మే నెలలో బోటు నిండా వంజరాలు దింపించాను. అది అచ్చయ్యాక ఒడ్డున ఒక పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన తప్పు పట్టలేదు. "ఆ నెల్లో మేం అప్పు సేసి బియ్యం తెచ్చుకుంటామమ్మా" అన్నాడు. ఆ కథని మళ్ళీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

నిజం నీ కథకి ఎంత మేలు చేస్తుందో చూడు. మీ నాన్నకి ఆ నీడ దొరికింది పడవ ఒడ్డున ఉండబట్టే. ఆయనది అడిగి తీసుకున్న సెలవు, పడవవాళ్ళది తప్పనిసరి సెలవు. ఆ పక్కనే ఎవరో ఒకరు కాలి బొటనవేలికి వల తగిలించి, బిగువుగా లాగి, తెగిన కన్నుని ముడేసుకుంటూ ఉండే ఉంటారు. నీ కథలో ఆ మనిషి లేడు. ఫోన్లో ఫొటోలు వెతుకు, ఏదో మూల కనిపిస్తాడు. కనిపిస్తే మాత్రం ఆయన చేత కష్టాల ఉపన్యాసం చెప్పించకు. ముడేస్తున్న చేతుల్ని రాయి చాలు.

వలందుల (డచ్చివాళ్ళ) సమాధులు, 1861 నాటి మునిసిపాలిటీ ఉన్న పేరా వద్దు. ఊరికి అవి గొప్పే. కానీ మీ ఇంట్లో ఎవరూ అటు వెళ్ళలేదు. గోస్తనీ సముద్రంలో కలిసే చోట తమ్ముడు పీతల వెంట పరిగెత్తడం ఉంచు. ఎండు నెత్తళ్ళ దగ్గర మీ అమ్మ బేరమూ ఉంచు. అమ్మే ఆవిడ మాటల్ని నువ్వు సరిదిద్దినట్టున్నావు, ఆవిడ యాస ఆవిడకి తిరిగి ఇచ్చెయ్యి.

మళ్ళీ రాయడానికి కూర్చునే ముందు, ఆ మధ్యాహ్నం గుర్తుందా అని మీ నాన్నని అడుగు. ఏమన్నాడో నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య