ప్రష్యా అని ఉంది సరే, ఊరేది?

ప్రశ్న: మా కోడలిది విస్కాన్సిన్. మనవడికి స్కూల్లో వంశవృక్షం గీయమంటే సాయం చేయబోయి, ఇప్పుడు ఆ పని నేనే పట్టుకున్నాను. కోడలి ముత్తాత తండ్రి జర్మనీ నుంచి వచ్చాడు. పాత బైబిల్లో యోహాన్ కార్ల్ ష్మిట్ అని రాసి ఉంది. 1900 జనగణనలో మాత్రం చార్లెస్ స్మిత్, 1881లో వచ్చాడని ఉంది. మరణ పత్రంలో పుట్టిన చోటు ‘ప్రష్యా’ అని మాత్రమే రాశారు. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రంలో అధికారులు పేరు మార్చేశారని ఇంట్లో చెబుతారు. హామ్‌బర్గ్ ఓడల జాబితాల్లో వెతికాను, దొరకలేదు. జర్మనీలో ఏ ఆఫీసుకి రాయాలి?
– ఒక పాఠకురాలు, మిల్వాకీ

జవాబు: ఇప్పుడే జర్మనీకి రాయకండి. నేను ఇక్కడి ఒక లైబ్రరీలో వంశచరిత్ర విభాగంలో ఏళ్లుగా వాలంటీర్‌గా ఉన్నాను. వచ్చేవాళ్లలో చాలామంది ముందు జర్మనీకే రాస్తారు, ‘ఊరి పేరు చెప్పండి’ అని జవాబు వస్తుంది. దేశమంతటికీ కలిపి పుట్టుకల రిజిస్టరు అక్కడ లేదు. జర్మనీ ఒక్క దేశమైందే 1871లో. మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో ప్రభుత్వ జనన, మరణ నమోదు 1876 జనవరిలో మొదలైంది. ప్రష్యాలో అంతకు కాస్త ముందు, 1874 అక్టోబరులో. మీ కార్ల్ పుట్టినప్పుడు ఆ వివరం రాసుకున్నది చాలా చోట్ల ఆ ఊరి చర్చి ఒక్కటే. ప్రష్యా అంటే రైన్ నది ఒడ్డు నుంచి బాల్టిక్ తీరం దాకా పరుచుకున్న రాజ్యం. కాబట్టి ఊరి పేరు తెలియనిదే అడుగు ముందుకు పడదు. ఆ పేరు దొరికే అవకాశం మీ చుట్టుపక్కలే ఎక్కువ.

ముందు పేరు సంగతి. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో. 1881లో న్యూయార్క్‌లో దిగినవాళ్లు కాసిల్ గార్డెన్ అనే పాత వలస కేంద్రం మీదుగా వచ్చారు. అసలు ఎల్లిస్ ఐలాండ్‌లో కూడా, ఓడ ఎక్కేచోట రాసిన జాబితా చూసే మనుషులను పిలిచేవారు. స్మిత్ అన్న పేరు ఆయన ఇక్కడ స్థిరపడ్డాక తనే పెట్టుకుని ఉంటాడు, లేదా జనగణన గుమాస్తా రాసి ఉంటాడు. ఇక యోహాన్ అనేది ఆ రోజుల్లో ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ బాప్తిస్మంలో ముందు తగిలించిన సందర్భాలున్నాయి. పిలిచేది రెండో పేరుతో. అందుకే కార్ల్ చార్లెస్ అయ్యాడు. మీరు వెతకాల్సింది కార్ల్‌ని.

హామ్‌బర్గ్‌లో దొరకలేదని బెంగపడకండి. అక్కడి జాబితాలు 1850 నుంచి 1934 వరకు నిలిచి ఉన్నాయి కాబట్టి అందరూ వాటినే చూస్తారు. చాలామంది ఓడెక్కింది బ్రెమెన్‌లో. దాచడానికి చోటు లేదని ఆ పాత జాబితాలను అక్కడి అధికారులే నాశనం చేశారు, మిగిలినవాటిలో చాలా భాగం రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. న్యూయార్క్‌లో దిగినప్పటి జాబితా ఉంటుంది గానీ, అందులో ఊరి పేరు అరుదు.

పౌరసత్వ కాగితాలు కూడా 1906కి ముందువి క్లుప్తంగా ఉంటాయి. పైగా విస్కాన్సిన్‌లో 1908 వరకు మొదటి కాగితాలు (పౌరసత్వం కావాలన్న ప్రకటన) తీసుకున్న వలస పురుషులకు ఓటుండేది, అందుకని పౌరసత్వం పూర్తి చేసుకోనివాళ్లూ ఉన్నారు. చూడండి, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

నా నమ్మకమంతా చర్చి మీదే. ఆయన పెళ్లి ఏ లూథరన్ చర్చిలో జరిగిందో, పిల్లలకు బాప్తిస్మం ఎక్కడ ఇప్పించారో కనుక్కోండి. కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసులో ఉన్న పెళ్లి పత్రంలో పాస్టర్ పేరుంటుంది, ఆ పేరు పట్టుకుంటే చర్చి దొరుకుతుంది. జర్మన్ పాస్టర్లు చాలామంది తమ రిజిస్టర్లలో వధూవరుల సొంతూరు రాసేవారు. సరిగ్గా అలాంటి పేజీ ఒకటి మైక్రోఫిల్మ్‌లో చూశాను. పేరు పక్కన ‘జన్మస్థలం’ గడిలో చిన్న అక్షరాలతో ఊరి పేరు, పక్కన ‘క్రైస్ రేగెన్‌వాల్డే, పొమ్మెర్న్’ అని ఉంది. క్రైస్ అంటే జిల్లా, పొమ్మెర్న్ ప్రష్యాలోని ఒక ప్రాంతం. ‘ప్రష్యా’ అన్న ఒక్క మాట కాస్తా చివరికి ఒక పల్లెగా మారింది. మీ చర్చి మూతపడి ఉంటే రిజిస్టర్లు పక్క చర్చికి గానీ, ఆ సైనాడ్ (చర్చిల సమాఖ్య) ఆర్కైవ్‌కి గానీ వెళ్లి ఉంటాయి. మిస్సౌరీ సైనాడ్‌దైతే సెయింట్ లూయిస్‌లోని కాంకార్డియా హిస్టారికల్ ఇన్‌స్టిట్యూట్‌ని అడగండి.

ఆ పేజీ చదవడం మొదట్లో కష్టమే. అది కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపి. అందులో ‘ఇ’ (e) అక్షరం అచ్చం ‘ఎన్’ (n)లా రెండు నిలువు గీతలుగా ఉంటుంది, ‘యు’ (u) మీద చిన్న కొక్కెం కనబడుతుంది. అదే పాస్టర్ రాసిన తెలిసిన పేర్లు, నెలల పేర్లు ముందు చదివి చూడండి. ఆయన చేతిరాత అలవాటయ్యాక ఊరి పేరు చదవగలుగుతారు.

స్మిత్‌లు మరీ ఎక్కువమంది కాబట్టి ఆయన ఒక్కడి వెంటే పడకండి. పిల్లల బాప్తిస్మానికి సాక్షులుగా నిలిచినవాళ్లను, పక్క పొలంవాళ్లను, అన్నదమ్ములను కూడా వెతకండి. ఒకే పల్లెవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి ఒకే చోట స్థిరపడేవారు. మిల్వాకీకి దగ్గర్లోని ఫ్రైస్టాట్‌ని 1839లో పొమ్మెర్న్ లూథరన్లు స్థాపించింది అలాగే. పక్కింటాయన సంతాప వార్తలో ఊరి పేరుంటే, అది మీ కార్ల్‌దీ కావచ్చు. పాత జర్మన్ పత్రికలు కూడా తిరగేయండి.

ఊరి పేరు దొరికాక మేయర్స్ గెజిటీర్ అనే జర్మన్ ఊళ్ల పట్టిక తెరవండి. 1912 నాటి ఆ గ్రంథం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. ఒకే పేరుతో పది ఊళ్లున్నా ఏది ఏ జిల్లాలోదో, రిజిస్ట్రీ ఆఫీసు ఎక్కడుందో అందులో ఉంటుంది. తర్వాత ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లకు ఆర్కియాన్ వెబ్‌సైట్ చూడండి, దానికి డబ్బు కట్టాలి. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్ ఉచితం. ఆ ఊరు తూర్పు పొమ్మెర్న్‌లోదైతే అది ఇప్పుడు పోలండ్. రేగెన్‌వాల్డే ఇప్పుడు రెస్కో. ఆ ప్రాంతానికైతే మీరు రాయాల్సింది ష్చెచిన్‌లోని పోలండ్ ప్రభుత్వ ఆర్కైవ్‌కి.

ఆ పెళ్లి రిజిస్టరు పేజీ దొరికి, చదవలేకపోతే ఫొటో తీసి ఈ శీర్షికకే పంపండి. గడి ఒక్కటే కాదు, పేజీ మొత్తం తీయండి.