గడప దగ్గరే ఆపవలసినవాళ్లు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పట్టాభిపురంలో మీరు కొత్తగా దిగిన ఇంట్లో పగలంతా మీ అత్తగారు ఒక్కరే ఉంటారని నీవు చెప్పినప్పటి నుంచి మనసులో మెదులుతున్న విషయాన్ని, ఫోనులో సగం సగం చెప్పడం ఇష్టంలేక, ఇలా రాస్తున్నాను. ఉద్యోగాలకు, బడులకు వెళ్లేవాళ్లంతా వెళ్లిపోయి వీధి సద్దుమణిగిన వేళనే మోసగాళ్లు తలుపు తడతారు. ఇస్త్రీ చొక్కాతో, మెడలో కార్డుతో, “అమ్మగారూ” అంటూ మర్యాదగా వస్తారు కాబట్టి, వాళ్లను పొమ్మనడానికి పెద్దవాళ్లకు మొహమాటం అడ్డువస్తుంది.

నీకు ఎవరూ చెప్పి ఉండరు గాని, మీ అమ్మమ్మ ఆ మొహమాటం వల్లే నష్టపోయింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, వరండాలోని ఇత్తడి చెంబును పైసా తీసుకోకుండా తళతళలాడేలా తోమి ఇచ్చారు. తరువాత వెండి కుంకుమభరిణె అడిగారు, చివరికి మెడలోని నాలుగు కాసుల నానుతాడు. దానిని తమ గిన్నెలోని ద్రవంలో ముంచి, బ్రష్షుతో రుద్ది, పసుపు కలిపిన నీళ్లలో వేసి, అరగంట వరకు మూత తీయవద్దని చెప్పి వెళ్లిపోయారు. మూత తీస్తే గొలుసు ఉంది, అందుకే ఆమెకు అనుమానం రాలేదు. కొన్ని నెలల తరువాత కొక్కెం బాగుచేయించడానికి వెళ్లినప్పుడు, తూకంలో ముక్కాలు కాసు, అంటే 6 గ్రాములు, తగ్గిందని తేలింది.

నత్రికామ్లం గాని హైడ్రోక్లోరికామ్లం గాని విడిగా బంగారాన్ని కరిగించలేవు. మొదటిది ఒక పాలు, రెండవది మూడు పాళ్లు కలిపితే వచ్చే ద్రవరాజం మాత్రం కరిగిస్తుంది. కరిగిన బంగారం వాళ్ల గిన్నెలో వాళ్లతోనే వెళ్లిపోతుంది. వాళ్లు వీధి దాటేవరకు కాంతి తగ్గిన గొలుసు మన కంటపడకుండా ఆ పసుపునీళ్లు దాస్తాయి. కాబట్టి ఇత్తడి చెంబు కూడా ఇవ్వవద్దని అత్తగారికి చెప్పు. మోసం ఆ చెంబు దగ్గరే మొదలవుతుంది.

గ్యాసు కంపెనీ మనుషులమంటూ, గొట్టం పాడైందని భయపెట్టి కొత్తది అంటగట్టేవాళ్లూ ఉంటారు. తనిఖీలు నిజంగానే జరుగుతాయి కనుక వచ్చిన ప్రతివారినీ దొంగ అనలేము. వచ్చినవారిని గ్రిల్లు బయటే ఉంచి, గ్యాసు పుస్తకంలోని ఏజెన్సీ నంబరుకు మనమే ఫోను చేసి అడగాలి. నారింజరంగు సురక్షా గొట్టం గడువు 5 ఏళ్లు, అది దాని మీదే అచ్చయి ఉంటుంది. ఈ ఆదివారమే మీరు చూసి పెట్టుకోండి. ఏ సర్వే పేరు చెప్పినా వేలిముద్ర, ఓటీపీ ఇవ్వకూడదు.

దాహమన్నవారికి నీళ్లివ్వకుండా ఆవిడ ఉండలేరని నాకు తెలుసు. నీళ్లు ఇవ్వవచ్చు, గ్రిల్లుకు తాళం తీయకుండా. ఫోను పక్కన పెద్ద అక్షరాలతో పోలీసులకు 112, గ్యాసు లీకుకు 1906, ఖాతాలో డబ్బు పోతే 1930 అని రాసి అంటించు.

మీ అమ్మమ్మ తిడతామేమోనన్న భయంతో ఆ కుర్రాళ్ల సంగతి మాకు చెప్పలేదు. ఆ రోజే చెప్పి ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేసేవాళ్లం, పక్క వీధివాళ్లనైనా హెచ్చరించేవాళ్లం. అందుచేత, ఏం జరిగినా ఒక్క మాట కూడా అనబోమని మీ అత్తగారికి నీవూ, మీ ఆయనా కలిసి ఇవాళే చెప్పండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ