40 కిలోమీటర్లు వస్తుందన్న బ్యాటరీ 26కు చాలదా?

ప్రశ్న: మా ఇల్లు మధురవాడ, ఆఫీసు సిరిపురం. ఒకవైపు 13 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి ఎక్కువగా తొక్కలేను. నా బరువు 78 కిలోలు. 36 వోల్టుల, 7.8 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ ఒకసారి చార్జ్ చేస్తే 40 కిలోమీటర్లు నడుస్తుందని దుకాణంలో చెప్పారు. రానూపోనూ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సరిపోదండీ. దుకాణంవారు అబద్ధం చెప్పారని అనను. బక్కపలచని మనిషి చదునైన రోడ్డు మీద, గాలి లేని పూట, తనూ తొక్కుతూ వెళితే 30 కిలోమీటర్ల దాకా హాయిగా, ఇంకా జాగ్రత్తగా నడిపితే 40 కూడా రావచ్చు. మీరేమో ఎండాడ దగ్గర ఎత్తు ఎక్కాలి, పైగా తొక్కలేనంటున్నారు.

దుకాణంలో కిలోమీటర్లు అడగడం మానేసి వాట్-అవర్లు అడగండి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే చాలు: 36 × 7.8 అంటే సుమారు 280. కరెంటు బిల్లులో మనం చూసే యూనిట్ 1000 వాట్-అవర్లు. మీకు చూపించిన బ్యాటరీలో పట్టేది పావు యూనిట్ కన్నా కాస్త ఎక్కువ.

ఇక వాడకం. నా సైకిల్‌కు మీటరు పెట్టి చూశాను. సాయంగా తొక్కితే కిలోమీటరుకు 9 వాట్-అవర్లు, థ్రాటిల్ తిప్పి కూర్చుంటే 14 ఖర్చవుతున్నాయి. మీకు 14 వేసుకుందాం. 26 కిలోమీటర్లకు 364.

ఎత్తు లెక్క వేరు. మీరు, సైకిల్, సంచి కలిపి 105 కిలోలనుకుంటే, 50 మీటర్లు పైకెక్కడానికి 14 వాట్-అవర్లు కావాలి. మోటారులో వృథా అయ్యేది కలిపితే 20 దగ్గర. రానూపోనూ అంత ఎత్తు ఎక్కవలసి వస్తే 40. దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ శక్తి వేడిగా పోతుంది. చాలా సైకిళ్లలో చక్రం మధ్యలో ఉండే గేర్ల మోటారు (హబ్ మోటారు) దాన్ని బ్యాటరీకి తిరిగి ఇవ్వదు. మొత్తం 404.

కొత్తగా ఉన్నప్పుడు 404 వాట్-అవర్ల బ్యాటరీ సరిపోతుంది, కానీ వాడేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. కొన్నేళ్లకు 80 శాతమే మిగులుతుందనుకుని 404ను 0.8తో భాగించండి: 505. అంటే 36 వోల్టుల్లో 14 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. సముద్రం మీంచి ఎదురుగాలి బలంగా వీచే సాయంత్రాలు వేగం తగ్గించండి. వేగం 20 నుంచి 25కు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది.

అయితే పెద్ద బ్యాటరీకి డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. ఆఫీసులో చార్జ్ చేసుకోనిస్తారేమో అడగండి. ఒప్పుకుంటే మీకు కావలసింది ఒకవైపు ప్రయాణానికే: 202. మీరు చూసిన 280 పాతబడి 224 అయినా ఇల్లు చేరుస్తుంది. మీ స్థానంలో నేనుంటే ముందు ఈ దారే చూస్తాను. 2 ఆంపియర్ల చార్జర్‌తో 7.8 బ్యాటరీ నాలుగు గంటల్లో నిండుతుంది, 14 అయితే ఏడు గంటలకు పైనే. బండి ఆపగానే వేడిగా ఉన్న బ్యాటరీకి వెంటనే చార్జర్ తగిలించకండి. అరగంట నీడలో చల్లారనివ్వండి.

నా అంకెల మీద నమ్మకం కుదరకపోతే, ప్లగ్‌కు తగిలించే చిన్న వాట్ మీటరు కొనండి. నిండా చార్జ్ చేసిన సైకిల్ మీద మీ దారిలోనే 10 కిలోమీటర్లు తిరిగి వచ్చి, మళ్లీ నింపేటప్పుడు మీటరు చూడండి. చార్జర్‌లో సుమారు 15 శాతం వృథా అవుతుంది కాబట్టి అది 165 చూపితే బ్యాటరీకి చేరింది 140. దుకాణంవారు అంత దూరం నడిపి చూడనిస్తే, డబ్బు కట్టేముందే ఆ పరీక్ష చేయండి.