రేక పట్టినోనికి గ్లాసు పట్టుడు నేర్పాల్నా?

ప్రశ్న: అన్నా, మేం ఐదుగురం హనుమకొండల టెన్త్ దాకా కలిసి చదువుకున్నోళ్లం, ఇప్పుడు అందరికీ నలభై దాటినయ్. వచ్చే ఫిబ్రవరిల నాసిక్ దిక్కు వైన్ తోటలు చూసొద్దామని ప్లాన్ చేస్తున్నం. మాలో ఒకడు విస్కీ తప్ప ఏదీ ముట్టడు, వైన్ అంటే ద్రాక్ష రసమే కదరా అంటడు, ఇంకొకడు అసలే తాగడు, మిగిలిన ముగ్గురం పెళ్లిళ్లల్ల బీరు బాపతు. టేస్టింగ్ అంటే అసలు ఏం చేస్తరు, అక్కడ పరువు పోకుండ ఎట్ల?
ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్మీ, పరువు గురించి పరేషాన్ గాకు. ఈతకల్లేదో తాటికల్లేదో కండ్లు మూసుకోని చెప్పేటోళ్లం మనం, ఇది పోద్దాడుదా (మగ తాటిచెట్టుదా) పండుతాడుదా (ఆడ తాటిచెట్టుదా) అని తాటాకు రేక పట్టంగనే పసిగడ్తం, పొద్దుగాల దించిన లొట్టి తియ్యగుండి మాపటికి పులిసి ఎందుకు ఎక్కుతదని గౌడన్నతోని వాదులాట పెట్టుకుంటం. వైన్ టేస్టింగ్ అన్నా గదే పని, కాకపోతే ఏసీ రూముల కూసోబెట్టి గాజు గ్లాసులల్ల పోసి టికెట్ తీసుకుంటరు. కల్లుల చెట్టు నీరల తీపిని ఈస్ట్ అనే కంటికి కనపడని జీవి తిని మత్తు చేస్తది, ఇక్కడ ద్రాక్ష తీపిని తింటది, అంతే.

ఫిబ్రవరి మంచిగ పట్టిన్రు. నాసిక్‌ల వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాక, యూరప్ లెక్క సెప్టెంబర్‌ల కాదు. వానకాలంల పోతే తోటలు పచ్చగ కండ్ల పండుగే గానీ గుత్తి కనిపించదు. పోయినేడు మేం పోయినప్పుడు ఆ పండ్లు చూసి మా దోస్తు ఒకడు మొకం మాడ్సుకున్నడు, మన బండ్ల మీద దొరికే సీడ్‌లెస్ లెక్క ఉండయి, చిన్నగ, తోలు మందం, లోపల గింజలు. ఎర్ర వైన్‌కు ఆ రంగు, ఆ వగరు వచ్చేది ఆ తోలు, గింజల నుంచే. అడగకుండ తెంపకున్రి మల్ల.

మేం నలుగురం పోయినం. సికింద్రాబాద్‌ల దేవగిరి ఎక్కితే నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదికెళ్లి పోయి తెల్లారకముందే నాసిక్ రోడ్‌ల దింపింది. మొదటి తప్పు అక్కడనే అయింది, ఒకడు టిఫిన్ చేసినంక మసాలా పాన్ బిగించిండు, ఇంక పొద్దుగూకేదాక వానికి ఏ గ్లాసుల చూసినా సోంపు వాసనే. పాన్, గుట్క, పిప్పర్‌మెంట్, ఒంటికి ఘాటు సెంటు, ఇవన్నీ ఆ రోజుకు బంద్ పెట్టున్రి, సగం రుచి ముక్కుతోనే తెలుస్తది కాబట్టి.

వరుసగ ఐదారు రకాలు పోస్తరు, తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. గ్లాసును అడుగున కాడ దగ్గర పట్టుకోని జర తిప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, చిన్న గుక్క నోట్లె అంతట తిప్పాలె. సావిన్యో బ్లాంక్ అనే తెల్లది వాసన చూస్తే నాకైతే పచ్చి జామకాయ కోసినట్టు, కొంచెం క్యాప్సికం లెక్క కొట్టింది. షిరాజ్ అనే ఎర్రదాంట్ల మిరియాల ఘాటు ఉంటది. అక్కడి పిల్ల టానిన్ టానిన్ అని ఇంగ్లీషుల పది నిమిషాలు చెప్పింది, మేం తలకాయ ఊపుతున్నం, ఆఖరుకు మావోడు నాలిక చప్పరించి "అరే, నేరడిపండు తిన్నంక నాలిక పట్టుకపోయినట్టున్నదిరా" అన్నడు. గదేనే, మన భాషల వగరు! దానికి అంత క్లాసు ఎందుకో.

పక్కన ఒక బకెట్ అసొంటిది పెడ్తరు, చెత్తడబ్బ అనుకోని మేం టిష్యూలు ఏసినం. అది నోట్లెది ఉమ్మెతందుకు. మనకు పోసిన దాన్ని ఉమ్ముడంటే మనసొప్పదు, నాకు తెలుసు, కానీ సిగ్గువడకున్రి, రెండో వైనరీ, అంటే వైన్ చేసే ఇంకో చోటు, కూడ చూడాలనుకుంటే అదొక్కటే మార్గం. మేం ఉమ్మలే. ఒక్కరోజుల మూడు పెట్టుకున్నం, మూడో కాడ నేను నోట్‌బుక్‌ల రాసుకున్నది ఇప్పటికీ చదువొస్తలేదు. రోజుకు రెండు చాలు. సూలా, యార్క్, సోమా అనే వైనరీలు గంగాపూర్ డ్యాం దిక్కు దగ్గర దగ్గరనే ఉంటయి, గ్రోవర్ జంపా ఇగత్‌పురి దిక్కు, అది ఇంకో రోజుకు పెట్టుకోండి.

మీ విస్కీ దోస్తుకు ఒక లెక్క చెప్పు. మన విస్కీ 42.8 శాతం, అరవై ఎంఎల్ లార్జ్‌ల ఇరవై ఐదు ఎంఎల్ పైన ఆల్కహాల్. వైన్ 13 శాతం అనుకున్నా 750 ఎంఎల్ సీసాల 97 ఎంఎల్, అంటే సుమారు నాలుగు లార్జ్‌లు. రసమే కదా అని ఎండల కూసోని సీసా లేపితే సంగతి తెలుస్తది, మా దాంట్ల ఒకడు గట్లనే లేపి సాయంత్రం తోటల చెప్పులు మర్సి వచ్చిండు.

చాక్నా విషయం కూడ చెప్త, మిర్చి బజ్జీతోని ఎర్ర వైన్ తాగకున్రి, వగరు, మత్తు రెండు కలిసి కారాన్ని ఇంకింత ఎక్కిస్తయి, మన తేజ మిర్చి అయితే ఇంక చెప్పొద్దు. కారానికి జర తీపి ఉన్న చల్లటి తెల్లదే ఒప్పుతది.

ఇగ తాగనోడు ఉన్నడు కదా, కారు వాడే నడుపుతడని మీరు అప్పుడే డిసైడ్ చేసి ఉంటరు. అది అన్యాయం, జీతం లేని డ్రైవర్‌ను చేయకున్రి. క్యాబ్ మాట్లాడుకోండి, వాన్ని కూడ టేబుల్ కాడ కూసోబెట్టి గ్లాసు చేతికిచ్చి వాసన చూడుమనున్రి. మా పార్టీల అందరికన్న కరెక్ట్‌గ వాసనలు పట్టింది తాగనోడే.

ప్రశ్న: మా ఆయన గీ ట్రిప్‌కే పోతున్నడు. త్ర్యంబకేశ్వరం దర్శనం కూడ చేసుకొస్త అంటున్నడు. రెండు ఒక్కటే ట్రిప్‌ల పెట్టుకోవచ్చా?
ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, మొదటిరోజు పొద్దున్నే దర్శనం, తోటలు మరుసటి రోజు, గంత కచ్చితంగ చెప్పి పంపండి. నాసిక్ నుంచి త్ర్యంబకం ముప్పై కిలోమీటర్ల లోపే. మన ధర్మపురి, కాళేశ్వరంల మునిగే గోదారి అక్కడనే పుడ్తది, గంగాపూర్ డ్యాంల ఆగేది ఆ నీళ్లే.

ప్రశ్న: వచ్చేటప్పుడు నాలుగు సీసాలు బ్యాగుల ఏసుకోవచ్చా?
ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: వద్దు తమ్మీ. వేరే రాష్ట్రం మందు ఇక్కడికి తెస్తే నాన్ డ్యూటీ పెయిడ్, అంటే ఇక్కడి పన్ను కట్టని మందు అని ఎక్సైజోళ్లు పట్టుకుంటరు, రైళ్లల్ల కూడ చెక్ చేస్తరు. నచ్చిన వైన్ పేరు ఫోన్‌ల ఫొటో తీసుకోని ఇక్కడ షాపుల అడుగు. మేం తెచ్చుకున్నది రెండు ఖాళీ సీసాలు, ఒకదాంట్ల మా ఇంటామె మనీప్లాంట్ పెట్టింది, ఇంకొకటి బియ్యం డబ్బ కాడ కొబ్బరినూనెకు పోయింది.